యుద్ధానికి హద్దులు – 11: కట్టు కట్టే చేతికి చట్టం తెలియాలి

గత భాగంలో 1864 ఆగస్టు 22న జెనీవాలో 12 రాజ్యాలు సంతకం చేసిన ఒప్పందం దగ్గర ఆగాం. పదంటే పదే అధికరణలున్న చిన్న పత్రం అది. గాయపడిన సైనికుడు ఏ పక్షంవాడైనా అతనికి వైద్యం అందాలి; వైద్యం చేసేవాళ్ళనూ అంబులెన్సులనూ సైనిక ఆసుపత్రులనూ ఇరుపక్షాలూ తటస్థంగా ఎంచి వదిలేయాలి; గుర్తుగా తెల్లగుడ్డ మీద ఎర్రశిలువ ఉండాలి. ఇవీ అందులోని ముఖ్యాంశాలు. 1859 జూన్ 24న ఇటలీలో సోల్ఫెరినో పోరాటం తర్వాత దిక్కులేకుండా పడి ఉన్న వేలాది క్షతగాత్రులను స్విస్ వ్యాపారి హెన్రీ డ్యూనాంట్ చూసిన నాటినుంచి ఈ ఒప్పందం దాకా పట్టింది ఐదేళ్ళు. రాజ్యాలు మెసలే తీరు తెలిసినవాళ్ళెవరైనా ఈ వేగాన్ని మెచ్చుకోవలసిందే. అయితే ఆ పత్రంలో ఒక లోటు ఉండిపోయింది. ఈ సంగతులను ఎవరికి చెప్పాలి, ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది అందులో ఎక్కడా లేదు. సంతకం పెట్టిన ప్రభుత్వాలే తమ సైనికులకూ తమ డాక్టర్లకూ చెప్పుకుంటాయని రాసినవాళ్ళు అనుకుని ఉంటారు. ఆ నమ్మకం ఎంతవరకు నిలిచిందో ఆరేళ్ళలోనే బయటపడింది.

యుద్ధ చట్టం అనగానే అది తుపాకీ పట్టినవాడికి నేర్పవలసిన చదువు అనుకుంటాం. డాక్టరు, నర్సు, స్ట్రెచర్ మోసే మనిషి, శరణార్థి శిబిరంలో బియ్యం పంచే కార్యకర్త, వీళ్ళంతా ఆ చట్టం నీడలో ఉండేవాళ్ళు. నీడలో ఉన్నవాళ్ళకు చట్టం తెలిసినా తెలియకపోయినా తేడా ఏముంటుందన్నది మామూలు ధోరణి. నా వాదన దీనికి ఎదురు. మానవతా చట్టం వైద్యసిబ్బందికిచ్చే రక్షణ వాళ్ళ నడత మీద ఆధారపడి నిలుస్తుంది. ఏం చేస్తే ఆ రక్షణ ఉంటుందో, ఏం చేస్తే పోతుందో చట్టం విడమరిచి చెప్పింది. కాబట్టి అందరికంటే ముందు, అందరికంటే బాగా అది తెలియవలసింది వాళ్ళకే. ఎర్రశిలువ పరువు పోయిన సందర్భాలను ఒక్కొక్కటిగా చూస్తే, పగులు లోపలినుంచే మొదలైన చోట్లు చాలా కనిపిస్తాయి.

1870 జులై 19న ఫ్రాన్స్ ప్రష్యా మీద యుద్ధం ప్రకటించింది. ఇరుపక్షాలూ జెనీవా ఒప్పందానికి కట్టుబడి ఉండగా జరిగిన తొలి పెద్ద యుద్ధం ఇదే. ప్రష్యా తన సైన్యానికి ఒప్పందం గురించి ముందుగానే చెప్పి ఉంచింది. ఫ్రాన్స్ సంతకమైతే పెట్టింది కానీ ఆ కాగితాన్ని బారకాసుల దాకా, సైనిక ఆసుపత్రుల దాకా చేరవేయలేదు. అక్కడ సైనిక వైద్యం సరఫరాల శాఖ చేతికింద ఉండేది; తిండి, బట్ట, బళ్ళ లెక్కలు చూసే అధికారులే డాక్టర్ల మీద కూడా పెత్తనం చేసేవారు. యుద్ధం మొదలయ్యేనాటికి సైనికులకే కాదు, వైద్యుల్లో చాలామందికి కూడా ఎర్రశిలువ చేతిపట్టీ దేనికో తెలియదు. దీని ఫలితం ఊహించడం కష్టం కాదు. శత్రువు ఆ ప్రాంతాన్ని ఆక్రమించిన తర్వాత కూడా డాక్టరు తన రోగుల దగ్గరే ఉండి పని చేసుకోవచ్చుననీ, కాకపోతే తన సైన్యం దగ్గరకు తిరిగి వెళ్ళిపోవచ్చుననీ ఒప్పందం మూడో అధికరణ చెబుతోంది. ఈ మాట తెలిసిన డాక్టరు క్షతగాత్రుల పక్కన నిలబడగలడు. తెలియని డాక్టరుకు శత్రువు వస్తున్నాడంటే పట్టుబడటమో పారిపోవడమో తప్ప మూడో దారి కనిపించదు. చట్టం తెలియకపోతే ఎవరికి నష్టమని అడిగేవాళ్ళకు ఇక్కడే జవాబుంది: కదలలేక మంచంలో ఉండిపోయినవాడికి.

అంతకంటే పెద్ద చిక్కు ఐదో అధికరణతో వచ్చింది. క్షతగాత్రులకు సాయం చేసే స్థానికుల జోలికి వెళ్ళకూడదనీ, ఒక్క క్షతగాత్రుడికి చోటిచ్చినా ఆ ఇంటికి రక్షణ ఉంటుందనీ, అక్కడ సైనికులకు బస ఏర్పాటు చేయమని ఒత్తిడి పెట్టకూడదనీ అది చెప్పింది. సోల్ఫెరినో పక్కనున్న కాస్టిగ్లియోనె ఊళ్ళో ఆడవాళ్ళు పక్షం చూడకుండా సేవ చేసిన తీరు మనసులో పెట్టుకుని, మంచి ఉద్దేశంతో రాసిన మాట అది. 1870లో ఆ మాటలో సగం మాత్రమే జనానికి చేరింది. జెండా కడితే ఇంటికి సైనికులు రారన్న సగం. ఇంకేముంది, ఇళ్ళ మీద ఎర్రశిలువ జెండాలు లేచాయి. లోపల చిన్న గాయంతో ఒకే ఒక్క సైనికుడు ఉన్న ఇళ్ళున్నాయి. ముట్టడిలో ఉన్న పారిస్‌లో ప్రైవేటు అంబులెన్సులు, అంటే తాత్కాలిక ఆసుపత్రులు, వెలిశాయి. యుద్ధానికి వెళ్ళగలిగిన మగవాళ్ళు చేతిపట్టీ కట్టుకుని తప్పించుకున్నారు. యుద్ధభూమిలో వింత చూడటానికి వచ్చినవాళ్ళూ, శవాల జేబులు వెతికేవాళ్ళూ అదే పట్టీ కట్టుకున్నారు. ఇక ఎదుటి సైన్యం ఆ గుర్తును ఎందుకు గౌరవించాలి? ఇరుపక్షాలూ ఒకరిమీద ఒకరు ఆరోపణలు చేసుకున్నాయి, వాటిలో నిజాలూ ఉన్నాయి. రెడ్‌క్రాస్‌కు మూలమైన జెనీవా కమిటీ అధ్యక్షుడు గుస్తావ్ మొయినియే మొదట్లో లోకం ముందు పరువు పోతుందన్న భయమే రాజ్యాలను దారిలో పెడుతుందని నమ్మాడు. ఈ యుద్ధం చూశాక 1872లో, ఒప్పందాన్ని ఉల్లంఘించినవారిని విచారించడానికి అంతర్జాతీయ న్యాయస్థానం కావాలని ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదనను ఆనాడు ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు.

న్యాయస్థానం రాలేదు కానీ చట్టాన్ని ముందుగా నేర్పాలన్న రెండో పాఠం ఒంటబట్టింది. 1906లో ఒప్పందాన్ని తిరగరాసినప్పుడు 26వ అధికరణ కొత్తగా చేరింది. ప్రభుత్వాలు ఈ నిబంధనలను తమ సైన్యాలకు, అందులోనూ ముఖ్యంగా రక్షణ పొందే సిబ్బందికి బోధించాలనీ, మామూలు జనానికి కూడా తెలియజేయాలనీ అది ఆదేశించింది. రక్షణ పొందేవాళ్ళను విడిగా పేర్కొన్న సంగతి గమనించండి. అంతకు 36 ఏళ్ళ ముందు ఫ్రాన్స్‌లో జరిగిందంతా ఆ చిన్న వాక్యం వెనుక ఉంది. 1929 ఒప్పందం దాన్ని నిలబెట్టింది. 1949లో వచ్చిన మొదటి జెనీవా ఒప్పందం 47వ అధికరణ ఇంకో అడుగు ముందుకేసి, యుద్ధకాలంలోనే కాదు శాంతికాలంలో కూడా దీన్ని ప్రచారం చేయాలనీ, సైనిక శిక్షణలో తప్పనిసరిగా, పౌర విద్యలో వీలైతే చేర్చాలనీ చెప్పింది. అక్కడ కూడా ముగ్గుర్ని ప్రత్యేకంగా పేర్కొంది: పోరాడే బలగాలు, వైద్యసిబ్బంది, మతగురువులు.

అసలు అంతగా తెలుసుకోవలసింది ఏముందో ఒక్క ఉదాహరణ దగ్గరగా చూస్తే తేలిపోతుంది. యుద్ధం నడుస్తున్న చోట ఒక చిన్న ఆసుపత్రి అనుకోండి. గాయపడిన పోరాటగాణ్ణి తీసుకొచ్చారు. వెంట రైఫిలు ఉంది, నడుముకు తూటాల పట్టీ ఉంది. వాటిని విప్పి పక్కన పెట్టి ఆపరేషన్ చేస్తారు. మర్నాడు ఎదుటి సైన్యం వచ్చి, ఆసుపత్రిలో ఆయుధాలున్నాయి కాబట్టి ఇది ఆసుపత్రి కాదు స్థావరం అంటుంది. చట్టం ఏమంటుంది? గాయపడినవారి దగ్గర తీసుకుని ఇంకా అధికారులకు అప్పగించని చిన్న ఆయుధాలున్నంత మాత్రాన ఆసుపత్రి రక్షణ పోదు. పోరాటగాళ్ళకు వైద్యం చేసినంత మాత్రాన కూడా పోదు. సైనిక వైద్యసిబ్బంది తమనూ తమ రోగులనూ కాపాడుకోవడానికి ఆయుధం పట్టుకున్నా పోదు. కానీ ఆ తుపాకులను నెలల తరబడి అక్కడే పోగుచేస్తే, డాబా మీద మెషీన్‌గన్ పెట్టుకోవడానికి ఎవరినైనా ఎక్కనిస్తే, అంబులెన్సులో మందుపెట్టెల కింద తూటాలు పంపిస్తే పోతుంది. అప్పుడు కూడా ఎదుటివాళ్ళు ముందు హెచ్చరించాలి, తగినంత గడువివ్వాలి, ఆ హెచ్చరికను పట్టించుకోకపోతేనే రక్షణ తొలగుతుంది. ఈ తేడాలు తెలిసిన నర్సు వచ్చిన ఆయుధాన్ని రిజిస్టరులో రాసి, తాళం వేసిన గదిలో పెట్టి, త్వరగా అప్పగించేలా చూస్తుంది. తెలియని నర్సు దాన్ని మంచం కిందకు తోసి పనిలో పడిపోతుంది. ఇద్దరూ ఒకే శ్రద్ధతో కట్టు కట్టినవాళ్ళే. కానీ ఒకరి ఆసుపత్రికి సాక్ష్యం ఉంది, రెండోవారి ఆసుపత్రికి లేదు.

సహాయ కార్యకర్తల విషయం ఇంకా సున్నితం. 1864 ఒప్పందం సైన్యంలో లేని స్వచ్ఛంద సేవా సంఘాల ఊసే ఎత్తలేదు. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం వచ్చినప్పుడు నాటాల్‌లో గాంధీ ఇండియన్ అంబులెన్స్ దళాన్ని కూడగట్టారు. సుమారు 1,100 మంది, అందులో 300 మంది దాకా స్వతంత్రులు, మిగతావాళ్ళు ఒప్పంద కూలీలు. మద్రాసు రేవునుంచి నాటాల్ చెరకు తోటలకు వెళ్ళిన కూలీల్లో తమిళుల పక్కన తెలుగువాళ్ళు కూడా పెద్దసంఖ్యలో ఉన్నారు. ఆ దళంలో క్షతగాత్రులను మోసిన భుజాల్లో తెలుగు భుజాలు ఉండే ఉంటాయి. మొదట వాళ్ళ పని కాల్పుల పరిధికి వెలుపల అనుకున్నారు. స్పియన్ కాప్ పోరాటంలో పరిస్థితి చేయిదాటాక కాల్పుల మధ్యకే వెళ్ళవలసి వచ్చింది. అలాంటివాళ్ళకు రక్షణ ఎక్కడినుంచి వస్తుంది? 1906 ఒప్పందం దీన్ని తేల్చింది: ప్రభుత్వ గుర్తింపు పొందిన సంఘం మనుషులై, సైనిక నియమాలకు లోబడి పనిచేస్తే వాళ్ళకూ సైనిక వైద్యులతో సమానమైన రక్షణ ఉంటుంది. జెనీవా ఒప్పందాలకు అనుబంధంగా వచ్చిన 1977 నాటి మొదటి ప్రోటోకాల్ 71వ అధికరణ ఆహారం, మందులు తెచ్చే సహాయ సిబ్బందిని రక్షించమంటూనే, వాళ్ళు తమ పని హద్దు దాటకూడదనీ, దాటితే ఆ పని ఆపించవచ్చనీ చెప్పింది. హక్కు, హద్దు ఒకే అధికరణలో ఉన్నాయి. లారీలో ఎవరిని ఎక్కించుకోవాలి, చెక్‌పోస్టు దాటాక అవతల చూసినది ఇవతల ఎవరికైనా చెప్పాలా, ఫోటో తీయాలా అన్న ప్రశ్నలన్నీ ఈ హద్దు చుట్టూ తిరిగేవే.

హద్దు దాటితే ఆ మూల్యం దాటినవాడు ఒక్కడే చెల్లించడు. 2011లో ఒసామా బిన్ లాడెన్ ఆచూకీ తీయడానికి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ పాకిస్తాన్‌లోని అబొట్టాబాద్‌లో హెపటైటిస్-బి టీకాల కార్యక్రమం ముసుగులో ప్రయత్నం చేసింది. అందుకు ఒక స్థానిక డాక్టరును వాడుకుంది. సంగతి బయటపడ్డాక మరుసటి ఏడాది వజీరిస్తాన్‌లో తాలిబాన్ నాయకులు పోలియో చుక్కలను నిషేధించారు. 2012 డిసెంబరులో పాకిస్తాన్‌లో ఇంటింటికీ తిరిగి చుక్కలు వేసే కార్యకర్తలను, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళను, కాల్చి చంపారు. ఆ హత్యలకు పూర్తి బాధ్యులు హంతకులే, అందులో రెండో మాట లేదు. టీకాల పట్ల అక్కడ అంతకుముందు కూడా అనుమానాలున్న మాట నిజం. కానీ ఆ అనుమానానికి ఒక రుజువు చేతికిచ్చింది ఆ ముసుగే. మూడేళ్ళ తర్వాత, 2014లో, టీకా కార్యక్రమాలను ఇకపై గూఢచర్యానికి వాడబోమని అమెరికా ప్రభుత్వం చెప్పింది. చట్టంలోని ఏ అధికరణ కిందకు ఈ ఘటన వస్తుందన్నది న్యాయకోవిదులు వాదించుకోవచ్చు. సూది పట్టుకుని గడప ముందుకొచ్చిన మనిషిని నమ్మాలా వద్దా అన్నది తేల్చుకోవలసింది మాత్రం ఆ ఇంటి తల్లే.

ఇంతవరకూ ఒప్పుకున్నవాళ్ళు కూడా ఒక ప్రశ్న వేస్తారు. డాక్టర్లకు వైద్య నీతి ఉంది కదా, రోగి ఎవరైనా వైద్యం చేస్తామని ప్రమాణం చేశారు కదా, మళ్ళీ విడిగా చట్టం ఎందుకు? దీనికి నూరెంబర్గ్ వైద్యుల విచారణ కంటే గట్టి జవాబు లేదు. 1946 డిసెంబరులో మొదలై 1947 ఆగస్టులో ముగిసిన ఆ విచారణలో బోనెక్కిన 23 మందిలో 20 మంది డాక్టర్లు. 16 మంది దోషులని తేలింది, ఏడుగురికి మరణశిక్ష పడింది. రావెన్స్‌బ్రూక్ శిబిరంలో ఖైదీ స్త్రీల కాళ్ళకు కావాలని గాయం చేసి, చీము పట్టించి, మందులు పరీక్షించిన కార్ల్ గెబార్ట్ వాళ్ళలో ఒకడు. హిట్లర్ కాలంలో జర్మన్ రెడ్‌క్రాస్‌ను నడిపిన ఎర్నస్ట్ గ్రావిట్జ్ అదే సమయంలో నాజీల ఎస్ఎస్ దళాలకు ప్రధాన వైద్యాధికారి. ఎర్రశిలువ, కపాలపు గుర్తు ఒకే మనిషి ఒంటి మీద ఉన్నాయి. వీళ్ళెవరూ వైద్య నీతి వినని వాళ్ళు కారు. దేశానికి ప్రమాదం వచ్చినప్పుడు ఆ నీతి కాస్త వంగుతుందనీ, తమ సైనికుడి ప్రాణం కోసం పరాయి ఖైదీ ప్రాణం తీసుకోవచ్చనీ తమకు తాము చెప్పుకున్నారు. ప్రపంచ వైద్య సంఘం 1956లో హవానాలో చేసిన నియమావళి మొదటి మాటగా యుద్ధకాలపు వైద్య నీతీ శాంతికాలపు నీతీ ఒకటేనని ప్రకటించింది ఇందుకే. అయినా నీతి చెప్పలేనివి కొన్ని ఉన్నాయి. తన కమాండరు గాయపడినవాడి పేరు అడిగితే ఇవ్వాలా? శత్రువుకు వైద్యం చేశాడని కేసు పెడితే ఏ అధికరణ చూపించాలి? ఎవరికి వైద్యం చేసినా అందుకు శిక్షించరాదని 1949 ఒప్పందం 18వ అధికరణ చెప్పింది. వైద్య నీతికి కట్టుబడి చేసిన పనికి ఎవరినీ శిక్షించకూడదని 1977 ప్రోటోకాల్ 16వ అధికరణ దాన్ని ఇంకా విప్పి చెప్పింది. నీతి డాక్టరు లోపల పనిచేస్తుంది. బయటివాడి ముందు నిలబడటానికి చట్టం కావాలి.

రెండో అభ్యంతరం దీనికంటే బరువైనది, చరిత్ర తెలిసినవాళ్ళు వేసేది. నేర్పితే నిలుస్తుందని ఏమిటి నమ్మకం? జపాన్‌ను చూడండి అంటారు. చూడవలసిందే. 1870 యుద్ధాన్ని పరిశీలించడానికి యూరప్ వచ్చిన జపాన్ అధికారుల్లో ఒయామా ఇవావో ఉన్నాడు. తర్వాత కొన్నేళ్ళు జెనీవాలోనే ఉండి చదువుకున్నాడు. 1877లో సత్సుమా తిరుగుబాటు రగిలినప్పుడు సానో త్సునెతామి హకుఐషా అనే సేవాసంఘాన్ని పెట్టి, తిరుగుబాటుదార్లకు కూడా వైద్యం చేస్తామన్నాడు. జపాన్ 1886లో జెనీవా ఒప్పందంలో చేరింది, మరుసటి ఏడాది హకుఐషా జపాన్ రెడ్‌క్రాస్ అయింది. యుద్ధమంత్రిగా ఉన్న ఒయామా ఒప్పందానికి వివరణ రాయించి సైన్యంలో పంచాడు. 1904-05లో రష్యాతో యుద్ధం జరిగినప్పుడు 70 వేలకు పైగా రష్యన్ ఖైదీలు జపాన్ శిబిరాల్లో పొందిన ఆదరణను లోకమంతా మెచ్చుకుంది. అంతర్జాతీయ చట్టం తెలిసిన అరిగా నాగావో సైన్యం వెంటే సలహాదారుగా ఉన్నాడు. ఆ సైన్యమే 1942 ఫిబ్రవరి 14న సింగపూర్‌లోని అలెగ్జాండ్రా సైనిక ఆసుపత్రిలోకి దూసుకొచ్చి, తెల్లజెండాతో ఎదురొచ్చిన అధికారిని బాయొనెట్‌తో పొడిచి చంపింది. మంచాల మీదివాళ్ళను చంపింది, ఆపరేషన్ బల్ల మీది రోగిని కూడా వదల్లేదు. వెనక్కి తగ్గుతున్న బ్రిటిష్ పక్షపు సైనికులు ఆసుపత్రి ఆవరణనుంచి కాల్పులు జరిపారన్నది తర్వాత వినిపించిన కారణం. అదే నిజమైనా రోగుల ఊచకోతకు అది సమాధానం కాదు. రెండు రోజుల తర్వాత బాంకా దీవిలో సముద్రపు ఒడ్డున ఆస్ట్రేలియా నర్సులను నీళ్ళలోకి నడిపించి కాల్చారు. 22 మందిలో ఒక్కరే బతికారు.

ఈ ఉదాహరణ నా వాదనను కూల్చదు, ఇంకా గట్టిపరుస్తుంది అంటాను. జపాన్‌లో చదువు ఓడిపోలేదు, చదువును ఆపేశారు. 1894 నవంబరులో చైనాతో యుద్ధంలో పోర్ట్ ఆర్థర్‌లో జరిగిన ఊచకోత ఒయామా కిందున్న సైన్యం చేసినదే. చట్టం తెలిసిన సేనాని ఉండి కూడా కిందివాళ్ళను శిక్షించలేదు. శిక్ష లేని బోధన ఎంత బలహీనమో ఆనాడే తెలిసింది. ఆ అపకీర్తి తర్వాత జాగ్రత్తపడ్డారు కాబట్టే 1904 వేరుగా ఉంది. ఆపైన గాలి మారింది. 1929 యుద్ధఖైదీల ఒప్పందం మీద సంతకం పెట్టి కూడా జపాన్ దాన్ని ధ్రువీకరించలేదు. 1941 జనవరిలో సైనికులకిచ్చిన నియమావళి బతికి శత్రువుకు చిక్కడం అవమానమని నేర్పింది. పట్టుబడిన తనవాణ్ణే మనిషిగా చూడనివాడు పట్టుబడిన పరాయివాణ్ణి ఎలా చూస్తాడు? ఒకనాడు లోకమంతా మెచ్చిన జపాన్ సైనిక వైద్యశాఖనుంచే ఇషీ షిరో అనే వైద్యాధికారి వచ్చాడు, అతని 731వ యూనిట్ చైనాలోని హార్బిన్ దగ్గర బతికున్న ఖైదీల మీద రోగక్రిములను ప్రయోగించింది. మానవతా చట్టం ఒకసారి వేస్తే జన్మంతా పనిచేసే టీకా కాదు. తరం తరానికీ కొత్తగా వేయవలసిందే, ఒక్క తరానికి మానేసినా ఏమవుతుందో 1904కూ 1942కూ మధ్య దూరం చెబుతోంది.

మూడో అభ్యంతరం ఈనాటిది, బాధతో వచ్చేది. తెలిసినవాళ్ళనూ చంపుతున్నారు కదా? 2015 అక్టోబరు 3 తెల్లవారుజామున అఫ్గానిస్తాన్‌లోని కుందూజ్‌లో మెడిసాన్ సాన్ ఫ్రాంటియర్ సంస్థ ఆసుపత్రి మీద అమెరికా ఏసీ-130 విమానం దాదాపు గంటసేపు కాల్పులు జరిపింది. 42 మంది చనిపోయారు: 24 మంది రోగులు, 14 మంది సిబ్బంది, నలుగురు రోగుల బంధువులు. ఆ సంస్థకు చట్టం అక్షరం అక్షరం తెలుసు. ఆసుపత్రి ఎక్కడుందో తెలిపే జీపీఎస్ వివరాలను ఇరుపక్షాలకూ ముందే ఇచ్చింది, లోపలికి ఆయుధాలు రానివ్వలేదు, రెండువైపుల క్షతగాత్రులకూ వైద్యం చేసింది. కాల్పులు జరుగుతుండగా కూడా ఫోన్లు చేస్తూనే ఉంది. ఏం లాభం అని అడగడం న్యాయమే. జవాబుకు 80 ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1935 డిసెంబరు 6న ఇటలీ విమానాలు ఇథియోపియాలోని డెస్సీ మీద బాంబులు వేసినప్పుడు ఆసుపత్రీ దెబ్బతింది, అదే నెల 30న మెల్కా డిడా దగ్గర స్వీడిష్ అంబులెన్సును ధ్వంసం చేశాయి. ఇథియోపియన్లు ఎర్రశిలువను దుర్వినియోగం చేస్తున్నారని ఇటలీ వాదించింది. అప్పటికి ఇథియోపియా రెడ్‌క్రాస్ పుట్టి కొన్ని నెలలే. రెడ్‌క్రాస్ ప్రతినిధిగా అక్కడున్న స్విస్ డాక్టరు మార్సెల్ జునో కళ్ళారా చూశాడు కానీ, ఆరోపణకు ప్రత్యారోపణ చేరి, విచారణ అనేది జరగకుండానే యుద్ధం ముగిసింది. కుందూజ్‌లో కూడా అదే ఆరోపణ వచ్చింది, లోపల తాలిబాన్లు ఉన్నారని. ఈసారి అది నిలవలేదు. సంస్థ దగ్గర ప్రతిదానికీ లెక్క ఉంది. అమెరికా సైన్యమే తప్పు ఒప్పుకుని 2016 ఏప్రిల్‌లో 16 మంది మీద శాఖాపరమైన చర్య తీసుకుంది. 42 ప్రాణాలకు అది చాలదు, క్రిమినల్ విచారణ లేకపోవడం అన్యాయమనే నేను అంటాను. అయినా డెస్సీకీ కుందూజ్‌కీ మధ్య తేడా ఉంది: అక్కడ అబద్ధం మిగిలింది, ఇక్కడ అబద్ధానికి చోటు దొరకలేదు. ఆ తర్వాత కొద్దిరోజులకే, 2016 మే 3న, భద్రతామండలి ఆసుపత్రుల మీద దాడులను ఖండిస్తూ 2286వ తీర్మానం చేసింది. అది దాడులను ఆపలేదు. కానీ చట్టం పాటించిన ఆసుపత్రికి మాత్రమే చట్టం పేరుతో అడిగే గొంతు ఉంటుంది.

ఇదంతా దూరదేశాల సంగతి అనుకోవడానికి మనకు వీలులేదు. భారతదేశం 1950లోనే 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాలనూ ధ్రువీకరించింది, 1960లో జెనీవా ఒప్పందాల చట్టం చేసింది. ఆ చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా ఎర్రశిలువను ఎవరూ వాడకూడదు. వాడితే 500 రూపాయల దాకా జరిమానా. ఇప్పుడు విజయవాడలోనో వరంగల్‌లోనో ఏ వీధికైనా వెళ్ళండి. మెడికల్ షాపు బోర్డు మీద, నర్సింగ్‌హోమ్ గోడ మీద, డాక్టరుగారి కారు అద్దం మీద తెల్లని నేలపై ఎర్ర ప్లస్సు కనిపిస్తుంది. పెట్టినవాళ్ళెవరిదీ దురుద్దేశం కాదు, అది వైద్యానికి గుర్తు అనుకున్నారు, వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. 1870లో ఫ్రెంచి పల్లెల్లో జెండా కట్టినవాళ్ళకు చెప్పనట్టే. శాంతికాలంలో అది చిన్న విషయం. కానీ 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం వచ్చినప్పుడు అక్కడి మెడికల్ కాలేజీల్లో తెలుగు పిల్లలు వందల్లో ఉన్నారు; రెండు వారాలు తిరగకుండానే మరియుపోల్‌లో ప్రసూతి ఆసుపత్రి మీద బాంబు పడింది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో జరిగిన హింసను ప్రభుత్వం సాయుధ సంఘర్షణగా గుర్తించలేదు, అందువల్ల అక్కడ ఈ ఒప్పందాలు వర్తిస్తాయా అన్నది వాదంగానే మిగిలింది. అయినా అర్ధరాత్రి తలుపు కొట్టి గాయపడినవాణ్ణి లోపలికి తెస్తే పల్లెలోని ఆర్ఎంపీ ఏం చేయాలన్న ప్రశ్న వాదం కాదు, ఆ మనిషి ముందు నిలబడిన సమస్య.

ఎంబీబీఎస్ చదువే కొండంత, నర్సింగ్ సిలబస్‌కు ఊపిరాడదు, ఇక ఇదెక్కడ అనేవాళ్ళున్నారు. డాక్టర్లను న్యాయవాదులను చేయమని ఎవరూ అడగడం లేదు. నాలుగు జెనీవా ఒప్పందాల్లో వైద్యసిబ్బందికి నేరుగా పనికొచ్చే అధికరణలు ఇరవై ముప్పై దాటవు. ఉదాహరణలతో చెబితే కొన్ని గంటల పాఠం. 2019లో ఎంబీబీఎస్ కొత్త పాఠ్యక్రమం వచ్చినప్పుడు వైఖరి, నైతికత, రోగితో మాటతీరు నేర్పడానికి ప్రత్యేక భాగాన్ని చేర్చారు కాబట్టి చోటు వెతుక్కోవలసిన పని కూడా లేదు. అందులో సోల్ఫెరినో కథ చెప్పి వదిలేస్తే మాత్రం ఉపయోగం లేదు. పైన చెప్పిన ఆసుపత్రిని, ఆ రైఫిలును విద్యార్థుల ముందు పెట్టి, రిజిస్టరులో ఏం రాస్తారో రాయించాలి. ఇద్దరు క్షతగాత్రులు ఒకేసారి వస్తే, ఒకడు మనవాడు, రెండోవాడు శత్రువు, ముందు ఎవరిని బల్ల ఎక్కిస్తారో అడగాలి. వైద్యపరమైన అత్యవసరం తప్ప మరే కారణంతోనూ ముందువెనుకలు చూడకూడదని 1949 మొదటి ఒప్పందం 12వ అధికరణ ఎందుకంత ఖచ్చితంగా చెప్పిందో అప్పుడు వాళ్ళే చెబుతారు. విపత్తు సహాయ దళాలకు, శరణార్థి శిబిరాల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థలకు ఇదే పాఠం చెక్‌పోస్టు ఉదాహరణలతో చెప్పవచ్చు. 1949లో పౌర విద్యకు పెట్టిన ‘వీలైతే’ అన్న మినహాయింపు చాటున ఇన్నేళ్ళు గడిపాం. వీలు ఉంది.

ఇలా తెలుసుకోవలసింది ఇంకొకటుంది: పట్టుబడిన వైద్యుడు యుద్ధఖైదీ కాడు, అయినా వెంటనే ఇంటికి పంపకపోవచ్చు. తనతోపాటు పట్టుబడ్డ ఖైదీలకు వైద్యం చేయడానికి అతన్ని అక్కడే ఉంచుకోవచ్చు. 1949 ఒప్పందం 28వ అధికరణ కల్పించిన ఈ వింత స్థితి ఎలా వచ్చిందో వచ్చే భాగంలో చూద్దాం.